తాడు మీద చారల లాగూ

నాచుకోత నెల, సోమవారం

మూడో తెప్ప మీద నివసించు సకల జనులకూ, వారి కోళ్ళకూ, వచ్చిపోయే కొంగలకూ తెలియపరచునది. చేపలారేసే తాడు మీద ఎవరో మహానుభావుడు ఒక చారల లాగూ ఆరేసి మరచినాడు. సదరు లాగూ గాలికి ఉబ్బి, అటుగా పోవు స్త్రీలకు ఇబ్బందిగానూ పురుషులకు అసూయగానూ ఉన్నందున, దాని సొంతదారు వెంటనే వచ్చి తన పరువును మడతపెట్టి పట్టుకుపోవలసినది. రాని పక్షంలో దానిని తెప్పకు జెండాగా నియమించడమగును.

పొద్దున మైకులో నేను చదివింది ఇదే. మూడో తెప్పకి ప్రకటనలు చదివే ఉద్యోగం నాది. పేరు కూర్మయ్య. ఆటుపోట్ల వేళలు, మంచినీళ్ళు వదిలే వేళ, పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, అన్నీ నా గొంతులోంచే బయటికి పోవాలి. చెప్పడానికేమీ లేని రోజున కూడా మైకు ఖాళీగా ఉండకూడదని రూలు, అందుకని ఇలాంటివి. నేను ఐదు వరకే చదివాను. ఆరో తరగతి పక్క తెప్ప మీద ఉండేది, అది మునిగిపోయింది. నా రాతలో తప్పులుంటే సముద్రంతో చెప్పుకోండి.

ఈ మధ్య ఒంట్లో ఓపిక ఉండటం లేదు. లేవగానే కడియం మణికట్టు మీద చురుక్కుమని పొడిచి, షుగరెంతో చూసుకుని కూస్తుంది. ఒకసారి కూస్తే ఫరవాలేదు. ఆగకుండా కూస్తే ఆ రోజు పిండిరొట్టె మీద ఆశ వదులుకోవాలి. నలభై దాటినవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ తెల్లారేసరికి ఇవే కూతలు. మా కోళ్ళు సిగ్గుపడి మానేశాయి.

మధ్యాహ్నం సరంగు బంగారినాయుడు మైకు గది ముందుకొచ్చి నిలబడ్డాడు. సరంగంటే తెప్పకి పెద్ద. ముసురు పట్టినప్పుడు చుక్కాని పట్టుకుని మమ్మల్నందర్నీ మడ అడవుల చాటుకి చేర్చేవాడు. ఆయన చేతికి ఉన్నది పచ్చ కడియం. చింతపండు పెట్టి తోముకుంటాడేమో, మనిషి కంటే ముందు కడియం వస్తుంది.

"ఒరే కూర్మయ్యా, ఆ లాగూ ఏటిరా, ఎర్ర సారలూ అదీనూ. సుక్కాని కాడ్నించి సూత్తంటే కళ్ళలో పొడిసినట్టుంది. ఎవుడిదో కనుక్కుని తీయించీ."

"అలాగే బాబూ. జెండా చేద్దామనుకున్నాను."

"నీ తలకాయ సేత్తావు," అని వెళ్ళిపోయాడు.

మంగళవారం

లాగూ సొంతదారు పొద్దున్నే వచ్చి పట్టుకుపోయాడు. పేరు రాయను. పెళ్ళి కావలసినవాడు, రేపు పిల్లనిచ్చేవాళ్ళ కంట పడితే బాగుండదు. ఆ సంగతి మైకులో చెప్పలేదు. ఇవాళ చెప్పడానికి నీళ్ళ పైపు పగిలిన వార్త ఉంది, ఒక రోజుకి అది చాలు.

మధ్యాహ్నం తిండి వదిన దగ్గర. వదిన పేరు దాలమ్మ. మా అన్న పోలారావు తుపానులో పోయాడు. అన్న పెళ్ళినాటికి నాకు లాగూ బొందు కట్టుకోవడం కూడా రాదు, ఆ ముడి నేర్పింది వదినే. లోకంలో ఉన్న ముడులన్నీ ఆవిడకి తెలుసు. తెప్పకీ తెప్పకీ మధ్య బిగించిన మోకుల్ని రోజూ చూసుకొచ్చేది ఆవిడే. ఏ పోగు నలిగిందో, ఏ ముడి సడలిందో ఆవిడ చెబితే మార్చేవాళ్ళు మారుస్తారు. ఆవిడ ఏమీ చెప్పకపోతే మేం నిశ్చింతగా పడుకుంటాం.

అంబలి పోస్తూ గిన్నెకి జానెడు ఇవతల పోసింది.

"గిన్నె జరిపేవేటిరా, సచ్చినోడా."

నా జీవితంలో నేను జరిపినవి చాలా ఉన్నాయి. పూజారి చెప్పులు జరిపాను, సరంగు కుర్చీ జరిపాను. ఆ గిన్నె మాత్రం జరపలేదు. అయినా, "జరిపాను వదినా, అలవాటు," అన్నాను.

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ నవ్వింది. "నువ్వు మైకులో సెప్పిన లాగూ ఇంకా ఏలాడతంది రా. ఇప్పుడే దాని కిందనించే వొచ్చేను. నీలం సారలు. గాలికి ఎలా ఎగురుతుందో. కట్టుకున్నోడికి సిగ్గు లేదు, ఆరేసినోడికీ లేదు."

పొద్దుటినుంచీ ఆ తాడు ఖాళీగా ఉంది.

గిన్నె కడిగిచ్చి వచ్చేశాను. నేను ఏమీ అనకుండా ఒక ఇంట్లోంచి బయటికి రావడం ఇదే మొదటిసారి అనుకుంటాను.

గురువారం

పొద్దున వదిన వెనకాలే నడిచాను. ఆవిడకి తెలియకుండా నడవాలనుకున్నాను గానీ దాని కోసం కష్టపడాల్సిన పని లేకపోయింది. చేతులతో మోకు తడుముకుంటూ పోతోంది. తడిమిన చోట వేళ్ళు బాగానే చెబుతున్నాయి. వేళ్ళు అందని చోటే చిక్కు. వంటశాల తేలే చెక్కకి కట్టిన ఒక మోకు సడలితే విప్పి గట్టిగా బిగించి, "ఇక కదల్దు," అని దాని మీద చరిచి వెళ్ళిపోయింది. బిగించింది మాత్రం ఇనప రింగుకి కాదు, పక్కనే ఉన్న నీళ్ళ పైపుకి. ఒక పెద్ద అల వస్తే పైపు విరిగి, వంటశాలా, అందులో వండుతున్న నలుగురూ సముద్రం మీదికి షికారు పోయేవాళ్ళు.

విప్పి రింగుకి కట్టాను. ఆవిడ నేర్పిన ముడే వేశాను.

సాయంత్రం వదిన గుమ్మంలో కూర్చుంది. పక్కన కూర్చున్నాను.

"వదినా, నీ కళ్ళకేమయింది?"

"నాకేటవుద్ది?" అని చెయ్యి పైకెత్తి కడియం గలగలలాడించింది. "పచ్చదిరా ఇది. పుట్టగానే నా రక్తం సదివి ఏసేరు. సుగరొచ్చినా సరే, నా కళ్ళ జోలికి రాదని. నా పెళ్ళిలో మీయమ్మ నా మొకం సూసిందేటి? ముందు ఈ సెయ్యి సూసింది."

నిజమే. నా చేతిది ఎర్రది. నా రక్తంలో ఏదో పోగు వంకరగా ఉందట. షుగరు ముదిరితే ముందు కంటి వెనకున్న సన్న నరాల మీదికి ఎక్కుతుందట. ఆ ఒక్క మాట మీద నాకు పిల్లనివ్వలేదు, చుక్కాని గది మెట్లెక్కనివ్వలేదు. గొంతుకి కళ్ళతో పని లేదని మైకు ఇచ్చారు. కళ్ళు పరీక్షించే కంటి పడవ వచ్చినప్పుడల్లా వెళ్ళి అందులోని కుర్చీలో కూర్చోవడం, నీ కళ్ళు పసిపిల్లాడి కళ్ళలా ఉన్నాయనిపించుకుని రావడం, ఇంతకాలం ఇదే పని. పోతాయన్న కళ్ళు పోకుండా కూర్చోవడం కూడా విసుగే.

"వదినా, ఆ లాగూ మంగళవారం పొద్దున్నే పోయింది. నువ్వు చూశానన్నది మధ్యాహ్నం."

కడియం చప్పుడు ఆగింది. సముద్రం వైపు చూసింది, చూసినట్టు కూర్చుంది.

"నల్ల పోగులు ఈదతన్నాయి రా కంట్లో," అంది. "మోకు పీకితే రేగినట్టు. ముందు దుమ్మనుకున్నాను. ఎడమ కంటికి తెర దించేసినట్టుంది. కుడిది ఇంకా నయం."

"ఎప్పట్నించి?"

"పోయిన ముసురుకి ముందట్నించి."

"ఎవరితోనూ చెప్పలేదా?"

"ఏటని సెప్తాను? పచ్చ కడియందానికి కళ్ళు పోతన్నాయంటే నవ్వుతారు. లేపోతే నమ్ముతారు. నమ్మితే మోకులు లాక్కుని నన్ను నీడ తెప్పకి తోలెత్తారు. అక్కడ గుడ్డోళ్ళందరితోనీ కొబ్బరి పీసు దువ్వుకుంటా కూకోవాలి. నాకొద్దురా కూర్మా. మీయన్న మోకులవి."

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే ఏదైనా వెటకారం ఆడేవాణ్ణి, నాకు సులువుగా ఉండేది.

శనివారం

రేపు కంటి పడవ వస్తుందని మైకులో నేనే చదివాను. ఎర్ర కడియాలవాళ్ళు వరుసలో రావాలని, పచ్చవాళ్ళు దారికి అడ్డం ఉండకూడదని.

పచ్చవాళ్ళు కూర్చోకూడదనేమీ లేదు. కూర్చుంటే కుర్చీ ఒప్పుకోదు. చెయ్యి పెట్టే చోట కడియం ఆనించాలి. ఎర్రదైతే దీపం వెలిగి కంటి లోపలి ఫోటో తీస్తుంది. పచ్చదైతే లోపలినుంచి ఒక తీయని ఆడగొంతు, "మీరు క్షేమం, మీ సీటు అవసరమైనవారికి ఇవ్వండి," అంటుంది. అన్ని తెప్పలకీ కలిపి ఉన్నది ఒక్క కుర్చీ. అది మాత్రం ఏం చేస్తుంది, దానికి చెప్పినవాళ్ళు అలా చెప్పారు.

షుగరుతో చిక్కిపోయిన చెయ్యి కదా, సబ్బు రాస్తే నా కడియం జారి ఊడొచ్చింది. ఇన్నేళ్ళూ నా బతుకుని పట్టుకున్నది చేపలా జారి ఒళ్ళో పడింది. వదినకి చూపించాను.

"ఎర్రది తొడుక్కోనా?" అంది అసహ్యంగా. "మీ అన్న పైనించి సూత్తాడు."

"అన్న చూస్తే సంతోషమే. మీ ఇద్దరిలో ఇప్పుడు చూడగలిగింది ఆయనొక్కడే అన్నట్టుంది నీ వాలకం."

వీపు మీద ఒకటిచ్చింది. గురి తప్పి చెవికి తగిలింది. అప్పుడు తనే చెయ్యి చాపింది. పచ్చది మోచేతి పైకి నెట్టి చీర చెంగుతో కప్పాం. ఎర్రది కుడి చేతికి తొడిగాను. దాన్ని ముట్టుకుని చూసుకుంది, చల్లగా ఉందంది.

ఆదివారం

కంటి పడవ నర్సు సుగుణమణి గారు నాకు పాత పరిచయం. వచ్చిన ప్రతిసారీ నా అబద్ధాలు విని నవ్వేవారు. ఇవాళ నవ్వే ఓపిక ఆవిడకి లేదు, వరుస తెప్ప చివరిదాకా ఉంది.

వదిన కూర్చుని కడియం ఆనించింది. దీపం వెలిగింది. తెర మీద 'కూర్మయ్య' అని పడింది.

నర్సు తెర చూశారు, వదినని చూశారు, వరుసలో కడియం లేని చెయ్యి చంకలో దాచుకుని నిలబడ్డ నన్ను చూశారు.

"కూర్మయ్య అంటే ఆడమనిషా?"

"మొక్కుబడి పేరు తల్లీ," అంది వదిన. నాతో ఇన్నేళ్ళు ఊరికే బతకలేదు.

"కడియం ఎర్రగా ఉంది. కుర్చీకి అంతే కావాలి," అన్నారు నర్సు. "గడ్డం ఇక్కడ పెట్టండమ్మా. రెప్ప వెయ్యొద్దు."

ఫోటో తెర మీద పడింది. నాకు చదువు లేకపోయినా నా కళ్ళ ఫోటోలు చాలాసార్లు చూశాను. అవి నారింజ పండు చెక్కలా శుభ్రంగా ఉంటాయి. దీన్నిండా మరకలు. ఎవరో సిరా విదిలించినట్టు. ఎడమది సగం పైగా చీకటి.

నర్సు గారు నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు ఓరగా వేశారు.

"ఎప్పుడో రావాల్సింది."

"పచ్చ కడియం అమ్మా. కంటికి రాదన్నారు."

"రాదని ఎవరన్నారయ్యా? రక్తం చదివిన యంత్రం, మిగతావాళ్ళ కంటే తక్కువ అని చెప్పింది. ఆ తక్కువని మీరందరూ కలిసి లేదు అని చేసుకున్నారు. షుగరు ఏళ్ళ తరబడి ఒంట్లో ఉంటే అది కడియం రంగు చూసి ఆగుతుందా?" ఆవిడకి కోపం రాలేదు. ఇదే మాట ఎన్నో చోట్ల చెప్పి అరిగిపోయిన గొంతది. "కుడి కన్ను నిలబెట్టొచ్చు. కారుతున్న నరాల్ని కాంతితో మూసేస్తాను. మూసిన చోట కొంచెం చూపు తగ్గుతుంది, కానీ మిగిలింది మిగులుతుంది. ఎడమది ఇక పోయినట్టే. ప్రతి పడవకీ రావాలి."

"వస్తుందమ్మా."

"వచ్చేది కూర్మయ్య. ఈ ఫోటోలు కూర్మయ్య పేరు మీద పోతాయి. కూర్మయ్యకి చూపు పోతోందని మీ సరంగుకి రేపే తెలుస్తుంది. ఆలోచించుకున్నారా?"

నిజం చెప్పాలంటే ఆలోచించలేదు. వేషాలేసేవాడు వేషం వెయ్యడం వరకే ఆలోచిస్తాడు. తలుపు సందులోంచి వదిన కనిపించింది. దీపం ఎటుందో తెలియక గోడకేసి కూర్చుని ఉంది, రెప్ప వెయ్యకుండా.

"కూర్మయ్య మంచివాడమ్మా," అన్నాను. "సర్దుకుంటాడు."

గాలుల నెల, బుధవారం

ఉద్యోగం పోయింది. సరంగు మైకు గదికి వచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టాడు.

"పైనించి వొచ్చింది. సదువు."

గుడ్డితనం వచ్చినవాణ్ణి పని నుంచి తీసేసే ఉత్తర్వు అది. దాన్ని ఆ గుడ్డివాడి చేతికే ఇచ్చి చదవమన్నాడు. నేనూ ఆ కంగారులో వేషం మరిచిపోయి, అక్షరం పొల్లుపోకుండా, మంచి గొంతుతో మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని తలాడించాడు.

"సూడు, ఎంత పని జరిగిందో. ఎర్ర కడియవోళ్ళ బతుకు ఇంతేరా. పోన్లే, నీడ తెప్పకి పంపనులే, దాలమ్మ కాడే కూకుని తాళ్ళు పేనుకో."

దయగలవాడే. వెళ్తూ గడప తన్నుకుని ఆ గడపని తిట్టాడు.

నా మైకు ముందు ఇప్పుడొక పెట్టె పెట్టారు. ఆటుపోట్ల వేళలు చెబుతుంది, ఊరుకుంటుంది. జనానికి తేడా తెలుస్తోందో లేదో నాకు తెలియదు. ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదని రాసుకోవడానికి చెయ్యి రావడం లేదు.

గుడ్డివాడిలా నటించడం పెద్ద చాకిరీ. ఎక్కడ తట్టుకోవాలో ముందే చూసి పెట్టుకుని తట్టుకోవాలి. మోకాలు రెండు చోట్ల దోక్కుపోయింది. ఆడవాళ్ళు జాలిపడి చేప ముక్క ఎక్కువ వేస్తున్నారు. సిగ్గేస్తోంది, తినడం మాత్రం మానలేదు.

శుక్రవారం

కంటి పడవ మళ్ళీ వచ్చి వెళ్ళాక ఇది రాస్తున్నాను. వదిన కుడి కన్ను నిలబడిందని నర్సు గారు చెప్పారు. చుట్టూ అంచులు తగ్గాయి, నడుమ బాగుంది. మధ్యాహ్నం నేను పేనిన తాడు ఆవిడ చేతికిచ్చాను. వేళ్ళతో తడమలేదు. ఎత్తి వెలుతురులో పట్టుకుంది.

"ఇదేటి పురిరా? ఇక్కడ సూడు, పోగు తెగి ఉంది. ఇక్కడా. నీ మూతిలా ఉంది."

నా గురించి అంత మంచి మాట ఎవరూ అనలేదు. తాడు విప్పి మళ్ళీ మొదలుపెట్టాను.

ఆవిడ గుమ్మంలోంచి చేపలారేసే తాడు వైపు చూసింది. కళ్ళు చిట్లించి, కాసేపు.

"ఖాళీగా ఉంది," అంది. "ఆ లాగూ ఎవుడిదో సెప్పవా మరి? పెళ్ళైపోయుంటాది ఈపాటికి."

అప్పుడు చెప్పాను. ఇక్కడా రాస్తున్నాను. ఆ తాడు మీద ఏ రోజూ ఏ లాగూ లేదు. సోమవారం చెప్పడానికి వార్త లేక అల్లాను. ఉట్టి తాడు కింద తెప్పవాళ్ళంతా వెర్రిచూపులు చూస్తుంటే గదిలో కూర్చుని నవ్వుకుందామనుకున్నాను. సొంతదారు లేడు, వాడికి పెళ్ళి లేదు. మైకులో ఆడిన అబద్ధాన్ని పుస్తకంలో కూడా నిలబెట్టకపోతే అది అబద్ధం కాదు, నిర్లక్ష్యం. అందుకని మంగళవారం అలా రాశాను. వదిన కళ్ళ కోసం పన్నిన ఉపాయం అంటే గొప్పగా ఉండేది. కాదు. ఊసుపోక వేసిన వల, వదిన వచ్చి పడింది.

చెవి మెలేస్తుందనుకున్నాను. మెలేసింది. గురి తప్పలేదు.

తర్వాత చెయ్యి అలాగే ఉంచి నెమ్మదిగా అడిగింది. "నానొక్కదాన్నేనేటిరా సూసేనన్నది?"

అప్పటిదాకా ఆ మాట నేను ఆలోచించలేదు. ఆ రోజు చాలామంది వచ్చి తాడు మీద ఏమీ లేదు కదరా అని నన్ను తిట్టిపోయారు. అవి ఇక్కడ రాయలేదు, నాకు నష్టం కనక. ఉందని చెప్పింది వదిన కాక ఇంకొక్కడు. చుక్కాని దగ్గరనుంచి కళ్ళలో పొడిచినట్టు కనిపిస్తోందన్నవాడు. తను తెచ్చిన ఉత్తర్వుని నా చేతే చదివించుకున్నవాడు. వదిన నీలమంది, ఆయన ఎర్రవన్నాడు.

గాలి దక్షిణానికి తిరిగింది. వచ్చే నెల ముసురు పడుతుంది. మమ్మల్నందర్నీ మడ అడవుల సందులోకి నడపాల్సింది ఆయనే.

వదిన లోపలికెళ్ళి సబ్బు ముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. సరంగు చెయ్యి లావు, ఈ ఎర్ర కడియం ఎక్కుతుందో లేదో. ఎక్కినా, కూర్మయ్యకి మీసాలెప్పుడొచ్చాయని నర్సు గారు అడుగుతారు. ఒంట్లో ఓపిక లేదు. అయినా లేచాను. ముందు ఆయన్ని చుక్కాని గదిలోంచి బయటికి పిలిచి, ఖాళీ తాడు చూపించి, సరంగుగారూ, ఆ లాగూ ఇంకా అక్కడే ఉందా అని అడగాలి. ఉందంటాడు. అప్పుడు సబ్బు తీస్తాను.